పొటోసిలో చిలకలపూడి వెండి

పొటోసి, బొలీవియా
శనివారం రాత్రి

ఒరేయ్ శేషూ,

ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు నువ్వు తిట్టబోయే తిట్లన్నీ ముందే పుచ్చుకుంటున్నాను. సంక్రాంతికి రాయవలసిన ఉత్తరం ఇది. కారణాలు చెబితే మళ్లీ సోడా మాస్టారి సాకులంటావు కాబట్టి చెప్పను. మేమంతా క్షేమం. శాంటియాగోలో ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది, సుజాత బాగుంది, పాప ఇప్పుడు నాతో స్పానిష్‌లో పోట్లాడుతోంది. సెలవులకని బొలీవియా వచ్చాం. ఈ ఎత్తు మాకొద్దని వాళ్లిద్దరూ సూక్రేలో ఉండిపోయారు, నేనొక్కణ్ణే బస్సెక్కి పొటోసి వచ్చాను. నాన్నగారి మోకాలి ఆపరేషన్ సంగతి తరువాత రాస్తాను. ముందు ఇది విను.

మీ చిలకలపూడి కవరింగ్ నగల వ్యాపారానికి మూలపురుషుడు దొరికాడురా! పేరు ఫ్రాన్సిస్కో గోమెజ్ దె లా రోచా. మీ వాళ్లు రాగిమీద బంగారం రేకు వేస్తే ఈయన ఏకంగా స్పెయిన్ రాజుగారి వెండిలోనే రాగి కలిపాడు. 1650లో గొంతు బిగించి చంపారనుకో, అది వేరే సంగతి. ఆగు, ఇలా చెబితే నీకేమీ అర్థం కాదు.

ఈ ఊరు 4,000 మీటర్లకు పైన ఉంది. బస్టాండు నుంచి హోటలుకు నడుద్దామనుకున్నాను చూడు, ఆ తెలివికి ఒక దండం. నాలుగు అడుగులు వేస్తే గుండె చెవుల్లోకి వచ్చి కొట్టుకుంటుంది. హోటలావిడ ఏమీ అడగకుండానే కోకా ఆకులు వేసిన వేడినీళ్ల గ్లాసు చేతిలో పెట్టింది. తలనొప్పి పోలేదు గాని దానితో స్నేహం కుదిరింది. వీధులన్నీ సన్నగా, ఏటవాలుగా ఉంటాయి. పైకి చూస్తే చెక్క బాల్కనీలు, ఇంకా పైకి చూస్తే కొండ. ఎర్రమట్టి రంగులో, ఒక్క చెట్టు లేకుండా. సెర్రో రికో అంటారు, అంటే సంపన్నమైన కొండ. 1545లో అందులో వెండి ఉందని స్పెయిన్ వాళ్లకు తెలిసింది. తప్పిపోయిన లామాను వెతుకుతూ వెళ్లిన దియెగో వాల్పా అనే అతను రాత్రి చలిమంట వేసుకుంటే తెల్లవారేసరికి వెండి కరిగి కారిందని కథ. కథ సంగతి ఎలా ఉన్నా, కొన్ని దశాబ్దాలు తిరిగేసరికి ఈ చలికొండల మధ్య ఊరు ప్రపంచంలోని పెద్ద నగరాలలో ఒకటయింది.

ఇక అసలు సంగతి. ఈవేళ టంకశాల చూశాను. కాసా దె లా మొనేదా అంటారు, ఇప్పుడు మ్యూజియం. గోడలు ఎంత మందమంటే లోపల చలికాలం, బయట ఎండాకాలం. మొదటి ప్రాంగణంలో కమాను పైన పెద్ద ముఖం ఒకటి వేలాడుతూ ఉంటుంది, నెత్తిన ద్రాక్షగుత్తులు, నోరంతా నవ్వు. అది ఎవరి ముఖమో తలా ఒక కథ చెబుతారు. నీకైతే ఫోటో కూడా అక్కర్లేదు. "చిల్లర లేదు బాబూ" ముఖం. తెలిసింది కదా?

గైడుగా ఒక అమ్మాయి వచ్చింది, గబగబా మాట్లాడుతుంది. ఆమె వెనకాల ఒక పెద్ద గదిలోకి వెళ్లి ఆగిపోయాను. గదినిండా కొయ్య యంత్రాలురా! మనిషికంటే ఎత్తైన పళ్ల చక్రాలు, ఒకదాని పళ్లు ఇంకొకదానిలో ఇరుక్కుని. వీటిని స్పెయిన్‌లో చేయించి, ఓడమీద సముద్రం దాటించి, అక్కడినుంచి ఈ కొండలమీదికి ఈడ్చుకొచ్చారట. వెండి పట్టీని రెండు రోలర్ల మధ్య దూర్చడం, బయటికి రాగానే మళ్లీ దూర్చడం, నాణేనికి కావలసిన మందం వచ్చేదాకా ఇదే పని. నేను పెద్దగా నవ్వేసరికి అందరూ నావైపు చూశారు. ఏం చెప్పను వాళ్లకి? మీ షెడ్డులో ఎడమవైపు మూల, మనం చిన్నప్పుడు చేతులు పెడితే మీ నాన్నగారు వీపు వాయించిన ఆ రోలింగ్ మిషనే ఇది! కరెంటు లేదు, అంతే తేడా. నేల చెక్కల సందులోంచి వంగి చూస్తే కింది అంతస్తులో నిలువు ఇరుసు కనిపించింది. అక్కడ చీకట్లో కంచరగాడిదలు గానుగెద్దుల్లా తిరుగుతూ ఉంటే పైన చక్రాలు తిరిగేవి. ఈ ఎత్తులో అవి ఎక్కువకాలం బతికేవి కావని ఆ అమ్మాయి చెప్పి తరువాతి గదికి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ చక్రం పళ్లను చూస్తూ కాసేపు అక్కడే నిలబడ్డాను. అంచులు అరిగి నున్నగా, గోధుమరంగు తిరిగి ఉన్నాయి. ఒక పన్ను మాత్రం లేతరంగులో ఉంది, ఎప్పుడో విరిగితే మార్చినట్టున్నారు.

ఈ కట్టడం 1773లో పూర్తయింది. మన రోచాగారు అంతకుముందు కాలంవాడు. అప్పటి టంకశాల వేరే చోట ఉండేది, నాణేలను సుత్తితో చేత్తోనే కొట్టేవారు. అవి గాజుపెట్టెల్లో పెట్టారు. వాటిని గుండ్రం అనడానికి నోరు రాదు. బరువు సరిచేయడానికి అంచులు కత్తిరించిన ముక్కలు, ఒకవైపు సగం చెరిగిన శిలువ, పొటోసి గుర్తుగా 'పి' అక్షరం. వన్నె చూసే అధికారి పేరులోని మొదటి అక్షరం కూడా నాణెం మీదే కొట్టాలి. ఈ వెండికి నాదీ పూచీ అని అన్నమాట. ఎంత బాగుంది! అయితే 1640లలో ఆ పూచీకత్తు అధికారీ, వెండి వ్యాపారులూ ఒకటైపోయారు. వ్యాపారులు తెచ్చిన వెండిలో రాగి పెరిగింది, టంకశాల కళ్లు మూసుకుని నాణెం కొట్టింది. స్పెయిన్ వెండి నాణెం అంటే అప్పట్లో లోకంలో ఎక్కడైనా చెల్లేది. అలాంటిది యూరప్‌లో వ్యాపారులు ఈ నాణేలు మాకొద్దనడం మొదలుపెట్టారు. అసలే యుద్ధాల అప్పుల్లో మునిగి ఉన్న నాల్గవ ఫిలిప్ రాజుకు ఇంకేం కావాలి?

1648 చివర్లో నెస్తారెస్ మారిన్ అనే అధికారి విచారణకు దిగాడు. రోచా ఊళ్లో మామూలు మనిషి కాడు, పెద్ద వెండి వ్యాపారి. విచారణాధికారికి విషం పెట్టించబోయాడని కూడా ఇక్కడ చెబుతారు. చివరికి రోచాకూ, వన్నె చూసే అధికారి రమీరెజ్ దె అరెయానోకూ మరణశిక్ష పడింది. పాత నాణేల విలువ తగ్గించారు, 1652 నుంచి కొత్త ముద్ర తెచ్చారు. రెండు స్తంభాలు, కింద సముద్రపు అలలు. పాతదాన్ని చూసి జనం భయపడకుండా. రోచా దాచిన నిధి ఎక్కడో ఉందని వెతికేవాళ్లు ఆ తరువాత చాలామంది బయలుదేరారట. గైడు అమ్మాయి ఇది చెబుతూ నేలను కాలితో తట్టింది.

ఇప్పుడు చెప్పు. కవరింగు అని బోర్డు పెట్టి, కవరింగు అని చెప్పి, కవరింగు ధరకే అమ్మే మీ ఊరి పేరు చెప్పి లోకమంతా వెక్కిరిస్తుందే! పెళ్లిలో మా పెదమామయ్య అన్న మాట నువ్వింకా మరిచిపోలేదని నాకు తెలుసు. ఇకమీదట ఎవరైనా "చిలకలపూడి బంగారం" అంటే నువ్వు "పొటోసి వెండి" అను. వాళ్లకు అర్థం కాదు, మనం నవ్వుకుంటాం.

ఇంకా ఉంది. డచ్చివాళ్లు మన బందరులో స్థిరపడింది 1605-06 ప్రాంతంలో, ఇంగ్లీషువాళ్లు దిగింది 1611లో. వాళ్లకు మన బట్టలు కావాలి, వాళ్ల సరుకు మనవాళ్లకు పెద్దగా అక్కర్లేదు. అందుకని వెండీ బంగారమూ పోసి కొనేవారు. ఆ వెండిలో స్పెయిన్ వాళ్ల ఎనిమిది రియాళ్ల నాణేలు ముఖ్యమైనవి. కొన్ని మెక్సికోవి, కొన్ని ఈ కొండవి. డచ్చి సమాధుల దగ్గర కూర్చుని డిగ్రీ పరీక్షలకు చదివాం కదా (నువ్వు చదివావు, నేను వేరుశెనగకాయలు తిన్నాను), ఆ రాళ్లమీద చెక్కిన దొరల పెట్టెల్లో ఈ వెండి ఉండేదన్నమాట. అప్పుడు బందరులో మీ తాతముత్తాతల్లో ఎవరో ఒక కంసాలి నాణేన్ని గచ్చుమీద పడేసి మోగించి, గీటురాయి మీద గీసి, దొర ముఖం వంక అలా ఒక చూపు చూసి... నీ చూపు నాకు తెలుసు కదా! ఆ గాజుపెట్టె ముందు నేను నిలబడి చూసింది నాణేన్ని కాదురా, నిన్నే.

అలా నవ్వుకుంటూ బొమ్మల గదిలోకి వెళ్లాను. అక్కడ నవ్వు ఆగిపోయింది. పద్దెనిమిదో శతాబ్దపు చిత్రం, ఎవరు వేశారో తెలియదు. మేరీమాత బొమ్మ. అయితే ఆమె చీర కొండే. ముఖమూ చేతులూ మాత్రం కొండలోంచి బయటికి వచ్చాయి. ఒకవైపు సూర్యుడు, ఒకవైపు చంద్రుడు. దగ్గరికి వెళ్లి చూస్తే ఆమె ఒంటిమీద సన్నటి దారులు, ఆ దారుల్లో చీమలంత మనుషులు, లామాలు. కింద పోపు, చక్రవర్తి మోకరిల్లి ఉన్నారు. దగ్గర్లోని ఊళ్ల నుంచి, దూరపు ఊళ్ల నుంచి కూడా మగవాళ్లలో ప్రతి ఏడుగురికి ఒకరిని వంతుల మీద ఈ గనులకు పంపాలని 1570లలో వైస్రాయి తొలేదో శాసించాడు. వెండిని వేరుచేయడానికి పాదరసం కలిపిన ముద్దను కాళ్లతో తొక్కించేవారు. చిత్రంలో ఆ చీమలంత మనుషులు ఎవరో అప్పుడు తెలిసింది. ఆ గదిలోంచి బయటికి వస్తే ఎదురుగా కొండ. అదే ఆకారం.

గనిలోకి మాత్రం వెళ్లలేదు. ఇప్పటికీ అందులో సహకార సంఘాల కార్మికులు పనిచేస్తున్నారు. యాత్రికులను లోపలికి తీసుకెళ్తారు, వెళ్లేముందు బజారులో కార్మికుల కోసం కోకా ఆకులు, కూల్‌డ్రింకులు, డైనమైటు కూడా కొనవచ్చు! పనిచేసుకునే మనిషిని టికెట్టు కొని చూడటం నాకు నచ్చలేదు. హోటల్లో ఒక జర్మన్ కుర్రాడు వెళ్లొచ్చాడు. "నేను వెళ్తే వాళ్లకు నాలుగు డబ్బులైనా వస్తాయి, మీరు వెళ్లకపోతే ఏమొచ్చింది?" అన్నాడు. జవాబు దొరకలేదు. ఇంతకాలం తవ్వగా తవ్వగా శిఖరం కుంగుతోంది, ఊరిని 2014లో యునెస్కో ప్రమాదంలో ఉన్న వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చింది. అయినా పని ఆగితే ఈ ఊళ్లో మరి వాళ్లు...

ఆదివారం పొద్దున

రాత్రి కరెంటు పోయి ఆపేశాను. వేళ్లు కొంకర్లు పోతున్నాయి, అక్షరాలు చూసి నవ్వకు. రాత్రి భోజనంలో కాలాపుర్కా అనే సూప్ తిన్నాను. మట్టిగిన్నెలో చిక్కటి మొక్కజొన్న పిండి జావ, అందులో నిప్పుల్లో కాల్చిన రాయి వేసి తెస్తారు. బల్లమీద పెట్టాక కూడా అది కుతకుత ఉడుకుతూనే ఉంటుంది. చల్లారేదాకా ఆగాలని తెలిసీ ఆగలేకపోయాను, నాలుక మీద ఇప్పుడు ఏ రుచీ లేదు.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. పొద్దున్నే బజారులో ఒకావిడ వంకర నాణెం ఒకటి చూపించి, రాజుల కాలంనాటిదని ప్రమాణం చేసి, పెద్ద ధర చెప్పింది. నేను ఏమీ మాట్లాడకుండా దాన్ని మెట్టు రాయిమీద పడేశాను, నీలాగే చెవి ఒగ్గి. ఆవిడ నావంక చూసింది, నేను ఆవిడవంక చూశాను. ఇద్దరం ఒకేసారి నవ్వేశాం. ధర పదోవంతుకు దిగింది. కొన్నాను. నువ్వు గీసి చూసి ఏమిటో రాయి, నాకు మాత్రం దాని గొంతు సీసంలా వినిపించింది. నాన్నగారి మోకాలి విషయంలో రెండో డాక్టరుకు కూడా చూపించకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు, మా అత్తగారికి... టాక్సీ వచ్చేసింది, హారన్ మోగిస్తున్నాడు. సూక్రే బస్సు తప్పిపోతే సుజాత ఊరుకోదు. చెల్లెమ్మను అడిగానని చెప్పు. మిగతాది

నీ
ప్రసాద్