మైదాన శిక్షణపై ఐదు నెలలుగా జవాబు రాకపోవడం గురించి ఫిర్యాదు

కళాశాల కరస్పాండెంట్ గారికి,

నమస్కారం. విజయవాడలోని మీ కళాశాలలో డిగ్రీతో పాటు కానిస్టేబుల్ ఉద్యోగ శిక్షణకు చేరిన ఒక విద్యార్థిని తండ్రిని. జూన్‌లో మైదాన శిక్షణ ఆగిపోయింది. కోచ్ మానేశారంటే అర్థం చేసుకోగలను. అడిగిన మాటకు ఇన్ని నెలలుగా ఒక్కరైనా జవాబు చెప్పకపోవడాన్ని మాత్రం సహించలేకపోతున్నాను.

జులైలో బెంజి సర్కిల్ దగ్గరి మీ ఆఫీసుకు వస్తే, కౌంటర్లోని అమ్మాయి ఇది తమ పరిధి కాదని చెప్పి, మీ ప్రకటన కరపత్రం వెనకే ఒక నంబరు రాసి ఇచ్చింది. దానికి పదకొండు సార్లు ఫోన్ చేస్తే ఒక్కసారి ఎత్తిన వ్యక్తి, ఫీజు బాకీ ఉందేమో చూసుకోమన్నారు. పూర్తిగా కట్టిన రశీదును వాట్సాప్‌లో పంపితే బ్లూ టిక్కులు పడ్డాయి గాని జవాబు రాలేదు. ఆగస్టులో గుంటూరు నుంచి పొద్దున ఏడు గంటల బస్సుకు బయలుదేరి వచ్చి, ప్రిన్సిపాల్ గారి గది బయట ఒంటిగంట దాకా కూర్చున్నాను. మీటింగ్ అయ్యాక పిలుస్తామన్న అటెండరే చివరికి వచ్చి, ఆయన వెనక గేటు నుంచి వెళ్లిపోయారని చెప్పారు. సెప్టెంబరులో ఫిర్యాదు రాసి ఇచ్చి నకలు మీద ముద్ర వేయమంటే, అలాంటి పద్ధతి లేదన్నారు.

మా పెద్దమ్మాయి కూడా మీ దగ్గరే చదివింది. ఆ నమ్మకంతోనే మా వీధిలోని ముగ్గురు పిల్లల్ని నేనే వెంటబెట్టుకొచ్చి చేర్పించాను. వాళ్ల తల్లిదండ్రులకు ఇప్పుడు ముఖం చూపించలేకపోతున్నాను.

2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ వస్తే, తుది రాతపరీక్ష 2025 జూన్ 1న గాని జరగలేదు. ఒక అవకాశం తప్పితే మరొకటి వచ్చేసరికి పిల్లల వయసు దాటిపోతుంది. రాతపరీక్షకు ఇంట్లో చదువుకోవచ్చు; ఆడపిల్ల 1600 మీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలంటే దగ్గరుండి పరుగు దిద్దే మనిషి కావాలి. తెల్లవారుజామున ఐదింటికి ఇన్నర్ రింగ్ రోడ్డు పక్కన మా అమ్మాయి పరుగెత్తుతుంటే ఫోన్‌లో సెకన్లు లెక్కపెడుతున్నది నేనే. వెనక లారీ వచ్చినప్పుడల్లా ఆ లెక్క వదిలేసి పిల్లను చూస్తున్నాను.

కోచ్ ఎప్పుడొస్తారో తేదీతో సహా రాతపూర్వకంగా తెలియజేయండి, లేదా శిక్షణకు విడిగా తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. మిగతా తల్లిదండ్రులతో కలిసి మీ రెండు గేట్ల ముందూ కూర్చుంటాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
గుంటూరు