ట్రూ బ్లూ తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ, మా ఇంటిల్లిపాది తరఫున

మేం పిల్లలతో పడవ మీదే ఉంటున్నాం. మా పిల్లల పుస్తకాలు తడిసిపోయినప్పుడు సాయపడ్డ పక్క పడవల వాళ్ళకు వాళ్ళ పడవల దగ్గరికే వెళ్ళి ఇంగ్లీషులో థాంక్స్ చెప్పి వచ్చాను. గ్రెనడాలో, ట్రూ బ్లూలో ఉన్న సెయింట్ జార్జ్స్ యూనివర్సిటీలో మెడిసిన్ చదువుతున్న మన తెలుగు పిల్లలకు మాత్రం తెలుగులోనే చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

కరియాకూ దీవి నుంచి దక్షిణంగా వస్తూ, సముద్రం అడుగున ఉన్న అగ్నిపర్వతం కిక్ ఎమ్ జెన్నీకి దూరంగా తిరిగి వస్తున్న రోజు అది. ముందు గది పైతలుపు నేను సరిగ్గా బిగించలేదు. ఒక్క అల లోపలికి పడింది, అంతే, పాప ఏడాదంతా రాసిన నోటుపుస్తకాలు, బాబు బొమ్మలు, మా అమ్మ రాజమండ్రి నుంచి పంపిన తెలుగు వాచకం అన్నీ ఉప్పునీళ్ళలో నానిపోయాయి. మా హోమ్‌స్కూల్ రిజిస్ట్రేషన్ ఫ్లోరిడాలో ఉంది. అక్కడ పిల్లలు రాసినవి 2 ఏళ్ళు దాచి ఉంచాలి, ఏటా మూల్యాంకనం చేయించాలి. మాకు ఉన్నది 3 వారాలు. ఎంత టెన్షన్ పడ్డానో మాటల్లో చెప్పలేను.

గ్రెనడాలోని ప్రిక్లీ బేలో లంగరేశాక, పడవల వాళ్ళు మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియోలో చెప్పుకున్నాను. పక్క పడవ పెద్దావిడ వెంటనే డింగీ అనే చిన్న పడవలో వచ్చి, ఎండలో పెట్టొద్దు, కాగితంలో ఉప్పు ఉన్నంతకాలం అది తేమ పీలుస్తూనే ఉంటుంది, ముందు మంచినీళ్ళలో కడగాలి అంది. పడవ మీద మంచినీళ్ళు చెంబుతో కొలిచి వాడుకుంటాం. అలాంటిది ఆవిడ తన నీళ్ళు రెండు క్యాన్లు మాకు ఇచ్చేసింది. ట్రేలో ఒక్కో పేజీ ముంచి, తువ్వాళ్ళ మధ్య అద్ది, పడవ లోపల తాళ్ళు కట్టి క్లిప్పులతో ఆరేశాం. పెన్సిల్ రాత చెక్కుచెదరలేదు. స్కెచ్‌పెన్ బొమ్మలు మాత్రం పోయాయి, బాబు వేసిన తాబేలు నీలం మరకైపోయింది.

ఆ తాళ్ళ కింద కూర్చునే కదా మీరు పాపకు భిన్నాలు చెప్పారు, పరీక్షలు దగ్గర పెట్టుకుని కూడా, వరసగా మూడు ఆదివారాలు. వాచకం మళ్ళీ ఇక్కడ ఎక్కడ దొరుకుతుందని నేను అనుకుంటుంటే మీరంతా పంచుకుని గుణింతాలన్నీ ఒక లావు నోటుపుస్తకంలో చేత్తో రాసిచ్చారు. మీలో ఒకమ్మాయికి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు, మా పాప పక్కన కూర్చుని తనూ దిద్దింది. నేను పెట్టిన పులిహోర దీనికి ఏ మూలకి?

ఫ్లోరిడా టీచర్ వీడియోలో ఆ ముడతలు పడ్డ పేజీలన్నీ ఓపిగ్గా చూసి సంతకం పెట్టారు. బాబు తాబేలును మళ్ళీ వేశాడు, ఈసారి పెన్సిల్‌తో. పాప మీ పుస్తకంలో రోజుకో గుణింతం దిద్దుతోంది, ఇవాళ 'ధ' దగ్గరుంది.