బావా, నీ ముసుగోళ్ళ కథ చదివేను

ఒరేయ్ బావా,

నువ్వు పంపిన స్క్రిప్టు, నలుగురు కుర్రాళ్ళు ముసుగులేసుకుని హంతకుణ్ణి పట్టుకునే కథ, మొత్తం చదివేను, రెండుసార్లు. మొదటిసారి చెరువు గట్టు మీద పాకలో కూర్చుని ఫోన్లోనే చదివేశాను, మధ్యలో కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయని జనరేటర్ వెయ్యడానికి రెండుసార్లు లేవాల్సొచ్చింది, అయినా మళ్ళీ వచ్చి కూర్చున్నాను. రెండోసారి పాలకొల్లులో ప్రింటు తీయించుకుని పెన్ను పట్టుకుని చదివేను. వాట్సాప్‌లో వాయిస్ పెడదామనుకున్నా గానీ నేను చెప్పాల్సింది వాయిస్‌లో చెప్పగలిగేది కాదురా, అందుకే ఇంత పెద్ద ఉత్తరం. తీరిగ్గా ఉన్నప్పుడు చదువు.

ముందు నచ్చినవి చెప్పేస్తా. రాజమండ్రిలో పెట్టడం చాలా బాగుంది. బ్లేడ్లు చూపించి జనాన్ని బెదిరించే బ్లేడ్ బ్యాచ్ కుర్రాళ్ళని ఊరికే రాక్షసుల్లా చూపించెయ్యకుండా, కోటగుమ్మం దగ్గర టీకొట్టులో ముగ్గురు కలిసి చిల్లర లెక్కపెట్టుకుని రెండు టీలు మూడు గ్లాసుల్లో పోయించుకునే సీను పెట్టేవు చూడు, అక్కడ ఆగిపోయేను. హేవలాక్ వంతెన మీద క్లైమాక్సు కూడా అంతే. 1997లో రైళ్ళు ఆపేసిన దగ్గర్నుంచి అది అలా ఖాళీగా పడుంది, రాత్రిపూట కింద గోదావరి తప్ప ఏం వినపడదు, హంతకుడు అక్కడ కూర్చున్నాడంటే నమ్ముతాం.

ఇక నాకు అడ్డం పడ్డది ఒకటే. నీ నలుగురు కుర్రాళ్ళూ ముసుగు కట్టుకోగానే మంచోళ్ళయిపోతారు. అంతవరకూ అమ్మకి భయపడేవాడు, ఉద్యోగం రానివాడు, ముసుగేసుకున్నాక ధర్మరాజు అయిపోతాడు, ఒక్క దెబ్బ కూడా తప్పు మనిషికి తగలదు. అలా జరగదు బావా. నాకు తెలుసు. నీకెప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నా.

2015 గుర్తుందా, పుష్కరాలయ్యి నెల తిరిగీ తిరక్కుండానే సూది సైకో గోల మొదలైంది. నరసాపురం, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల ఎవడో మొహం కనపడకుండా బైకు మీద వచ్చి, రోడ్డు మీద నడిచెళ్ళే ఆడపిల్లల్ని సూదితో పొడిచి పోతున్నాడని. పోలీసులు ఊహాచిత్రం విడుదల చేసేరు, ఎక్కడికక్కడ బళ్ళు ఆపి చూసేవారు. మా చెల్లి నాలుగు రోజులు కాలేజీకి వెళ్ళలేదు, తర్వాత వెళ్ళినా నాన్న స్కూటర్ మీద దింపేవాడు. ఆ సూది వల్ల మన చుట్టుపక్కల ఎవరి ప్రాణమూ పోయిందని నేను వినలేదు గానీ, హెల్మెట్ పెట్టుకున్న ప్రతి మగాడూ వాడే అనిపించేవాడు. మనం రాత్రి కాపలా మొదలెట్టేం కదా, మొదటి మూడు రాత్రులు నువ్వూ ఉన్నావు, తర్వాత కోచింగ్ అని కాకినాడ వెళ్ళిపోయేవు. నువ్వెళ్ళిన తర్వాత రాత్రి సంగతి ఇది.

అప్పటికి మేం మొహాలకి తువ్వాళ్ళు కట్టుకోడం మొదలెట్టేం. ఎవరన్నారో గుర్తులేదు, సైకో మనల్ని గుర్తుపడితే పగబడతాడు, మొహాలు కప్పుకుందాం అన్నారు. సరే అనుకున్నాం. ఆరుగురం, చేతుల్లో కర్రలు, ఒకడి దగ్గర క్రికెట్ బ్యాటు, కాలవ గట్టు మీద వంతెన దగ్గర కూర్చున్నాం. పన్నెండు దాటేక ఒక బండి వచ్చింది. టీవీఎస్ ఎక్సెల్, హెల్మెట్, చేతి సంచి. ఆపేం. సంచి లాగి చూస్తే అందులో స్టీలు డబ్బా, డబ్బాలో సిరంజీలు.

ఇంక ఎవడూ ఏం అడగలేదురా. ఒక్కడు కూడా. ఆయన "ఆయ్ బాబూ, గేదె ఈనలేక పడుందండి, పిలిస్తే ఎళ్తన్నానండి" అని అంటూనే ఉన్నాడు, ఆ మాట నాకు చాలా స్పష్టంగా వినపడింది, వినపడ్డాక కూడా నేను కొట్టేను. హెల్మెట్ ఊడిపోయేక టార్చి వెలుగులో చూస్తే మన గోపాలమిత్ర, ఊళ్ళో పశువులకి సూదులేసే మనిషి. మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చేడో లెక్కలేదు, మా నల్ల గేదెకి పొదుగు వాస్తే వారం రోజులు పొద్దున్నా సాయంత్రం వచ్చి పైసా ఎక్కువ తీసుకోకుండా చూసిన మనిషి. డబ్బా తెరుచుకుని సూదులన్నీ గట్టు బురదలో పడిపోయేయి. పెద్ద సూదులు బావా, పశువులకి వాడేవి, ఎవడన్నా ఒక్కడు సరిగ్గా చూసినా తెలిసిపోయేది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ వెతికి, తన చొక్కాకే తుడిచి డబ్బాలో పెట్టుకుంటన్నాడు, చెయ్యి వణుకుతోంది. మేం ఆరుగురం అలా నిలబడి చూసేం. తువ్వాలు తీసి సాయం చెయ్యొచ్చు. తీస్తే నేనెవరో తెలిసిపోతుంది. తియ్యలేదు. ఆయన బండెక్కి వెళ్ళేవరకూ ఎవడూ తియ్యలేదు.

ఆ గేదె బతికింది, దూడ చచ్చిపోయింది. ఆయన ముందే వెళ్ళుంటే బతికేదేమో, బతికేది కాదేమో. వారం తర్వాత మా ఇంటికి సూది వెయ్యడానికి వచ్చేడు, మొహం మీద దెబ్బ ఇంకా మానలేదు. అమ్మ కాఫీ ఇచ్చి "ఎవరో వెధవలు కొట్టేరంట కదండీ" అంటే, "పోన్లెండమ్మా, చీకట్లో పాపం కుర్రోళ్ళు భయపడ్డారండి" అన్నాడు. నేను గేదె తల పట్టుకుని నిలబడున్నాను.

పదేళ్ళయ్యింది. నేను ఆలోచించి తెలుసుకున్నది ఇంతే, ఆ తువ్వాలు సైకో నన్ను గుర్తుపట్టకుండా కట్టుకున్నది కాదు, మా అమ్మ గుర్తుపట్టకుండా కట్టుకున్నది. మొహం విప్పుకుని ఉంటే ఆ మనిషి నా పేరు పెట్టి పిలిచేవాడు, పిలిస్తే నా చెయ్యి లేచేది కాదు.

నీ హీరో గది గోడ మీద న్యూయార్క్ ఎర్రటోపీల వాళ్ళ ఫొటో పెట్టించేవు కదా, గార్డియన్ ఏంజెల్స్, వాళ్ళ గురించి కూర్చుని చదివేను. 1979 ఫిబ్రవరి 13న 13 మందితో మొదలెట్టేరు. నాయకుడు కర్టిస్ స్లీవా అప్పటికి బ్రాంక్స్‌లో ఒక హోటల్లో నైట్ మేనేజరు. సబ్‌వే రైళ్ళలో గ్యాంగులు జనాన్ని దోచుకుంటంటే రాత్రుళ్ళు గుంపుగా ఎక్కి కాపలా తిరిగేవారు. ఎర్ర టోపీ, తెల్ల టీషర్టు, చేతిలో ఆయుధం ఉండకూడదు, మొహానికి ఏమీ ఉండకూడదు. ఇది నువ్వు పట్టించుకోలేదు చూడు! వేషం ఉంది, ముసుగు లేదు. దానికీ ఇంకో వైపు ఉంది, మొదట్లో తాము చేశామని చెప్పుకున్న సాహసాల్లో కొన్ని కల్పించినవేనని 1992లో స్లీవాయే ఒప్పుకున్నాడు. పేపర్లో పేరు రావాలన్న ఆశ ఎంత పనైనా చేయిస్తుంది, ఆ ముక్క నీ రెండో కుర్రాడికి పెట్టు, బలే సరిపోతుంది. సియాటిల్‌లో ఫీనిక్స్ జోన్స్ అని ఇంకొకతను నలుపు బంగారం రంగు సూటూ ముసుగూ వేసుకుని తిరిగేవాడు, 2011లో రోడ్డు మీద జనం మీద పెప్పర్ స్ప్రే కొట్టి అరెస్టయ్యేడు. కేసు పెట్టలేదు గానీ కోర్టు బయటికొచ్చి ముసుగు తీసి అసలు పేరు చెప్పేడు. ఎప్పటికైనా ఆ తీసే రోజు వస్తుంది కదా, నీ స్క్రిప్టులో ఆ రోజు లేదు.

అన్ని ముసుగులూ చెడ్డవని కూడా అనలేను. మెక్సికో సిటీలో 1985 భూకంపం తర్వాత అద్దె ఇళ్ళ వాళ్ళని ఖాళీ చేయిస్తుంటే, సూపర్‌బారియో అని ఎరుపు పసుపు రంగుల్లో కుస్తీ వస్తాదు వేషంలో ఒకతను వచ్చి జనంతో కలిసి గుమ్మం ముందు నిలబడేవాడు. ఎవర్నీ కొట్టడం కోసం కాదు. ఆఫీసులకీ వెళ్ళేవాడు ఆ వేషంలోనే, పేదవాళ్ళ తరఫున మాట్లాడ్డానికి. అలాంటి ముసుగైతే నేనూ వేసుకుంటా.

మనకి ఇంట్లోనే ఉంది కదరా ఉదాహరణ, అమలాపురం దసరా. చెడీ తాలింఖానా అని కత్తిసాము నేర్చుకున్న కుర్రాళ్ళు అర్ధరాత్రి నడివీధిలో నిజం కత్తులు తిప్పుతారు, కళ్ళకి గంతలు కట్టుకుని కూడా తిప్పుతారు. పక్కన గురువు నిలబడుంటాడు, అరుగుల మీద పెద్దమ్మలు "అదుగో మనోడు" అని పేరు పెట్టి అరుస్తుంటారు. ఆ కత్తి ఎవరి మీదకీ ఎందుకు పోదో నీకు వేరే చెప్పక్కర్లేదు. నీ నలుగుర్లో ఒకడ్ని ఆ వీధి నుంచి తీసుకురా. వాడు మిగతా ముగ్గురితో ముసుగు విషయంలో గొడవపడాలి, కథ అక్కడ తిరగాలి.

ఇంక హంతకుడి సంగతి. నీ హీరో వాడ్ని ఇంటర్నెట్లో కోడు విప్పి, వంతెన మీద కలబడి పట్టుకుంటాడు. 1976, 77లో అదే న్యూయార్క్‌ని వణికించిన సన్ ఆఫ్ శామ్ అనే హంతకుడు ఎలా దొరికేడో చూడు. ఆరుగుర్ని తుపాకీతో కాల్చి చంపేడు, పోలీసులకి, పేపరుకి ఉత్తరాలు రాసేడు. నల్లటి పొడుగు జుట్టు వాళ్ళనే చంపుతున్నాడని ఆడపిల్లలు జుట్లు కత్తిరించుకున్నారు, విగ్గులు కొనుక్కున్నారు, మా చెల్లి కాలేజీ మానేసినట్టే. ఆఖరి కాల్పుల రాత్రి ఒకావిడ కుక్కని తిప్పుతూ, ఫైర్ హైడ్రెంట్ (మంటలార్పడానికి వీధిలో పెట్టే నీళ్ళ గొట్టం) పక్కన ఆపిన కార్లకి పోలీసు జరిమానా చీటీలు రాస్తుండడం చూసింది. తర్వాత వెళ్ళి చెప్పింది. ఆ చీటీలు తిరగేస్తే వాడి కారు దొరికింది, 1977 ఆగస్టు 10న ఇంటి ముందే పట్టుకున్నారు. తపాలా శాఖలో పనిచేసే మనిషి వాడు.

దీన్ని మన నేల మీదకి తెచ్చుకోవచ్చు బావా. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు ఉంది కదా. బైకుకి టికెట్టు కొట్టే కుర్రాడు, రోజూ వచ్చేవాళ్ళని మొహం చూసి బండి గుర్తుపడతాడు. వాడికొక అనుమానం రావాలి, టికెట్టు పుస్తకం పట్టుకుని స్టేషన్‌కి వెళ్ళాలి, మొదటిసారి పట్టించుకోకపోతే రెండోసారి వెళ్ళాలి. నీ హీరోలు ఆ టైముకి ఎవర్నో తప్పు మనిషిని కట్టేసి కొడుతూ ఉండాలి. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే గ్యాంగులని వాట్సాప్‌లో పుకార్లొచ్చినప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ జనం అమాయకుల్ని కొట్టేరు, ప్రాణాలు కూడా పోయేయి. ఆ తర్వాతే కదా ఫార్వర్డులు ఐదుగురికి మించి పోకుండా కట్టడి పెట్టింది. వాళ్ళలో ఎవడూ తను చెడ్డవాడిననుకుని ఇంట్లోంచి బయల్దేరలేదు, నేను ఎలా బయల్దేరేనో అలాగే.

ఆ గట్టు సీను రాసుకో, నేను ఒప్పుకుంటున్నా. స్టీలు డబ్బా పెట్టు, సూదులు చొక్కాకి తుడవడం పెట్టు. ఊరి పేరు మార్చు, ఆయన్ని మాత్రం ఎవరూ గుర్తుపట్టకూడదు. పాత్రకి వేరే పని పెట్టినా పర్లేదు, నా పాత్రకి మటుకు తువ్వాలు తియ్యకు.

ఆయన ఇప్పుడు పని మానేసి ఇంటి దగ్గరే ఉంటన్నాడు. చూపు తగ్గిందంట. మూడుసార్లు వాళ్ళ వీధి మొదటి దాకా వెళ్ళి వచ్చేసేను. సంక్రాంతికి నువ్వొస్తావు కదా, భోగి నాడు వద్దు, కనుమ వెళ్ళేక ఒక పూట ఖాళీ పెట్టుకో. నువ్వు గుమ్మం దాకా వస్తే చాలు, లోపలికి నేనే వెళ్ళి చెప్తాను.

ఇట్లు,
నీ బావ