చూపు తిరగనివ్వు, అమ్ములూ

చిరంజీవి అమ్ములుకు నాన్న ఆశీస్సులు.

పరీక్షలో జవాబు తట్టక గోడ మూలకు చూస్తుంటే "అక్కడేమైనా రాసి ఉందా?" అని మేడం కసిరారని చెప్పి బాధపడ్డావు. కళ్ళ పరీక్షలు చేసి బతికినవాణ్ణి, ఆ మాట నాకూ గుచ్చుకుంది. ఒక రకంగా అక్కడ రాసే ఉంది.

చెయ్యి చాచి బొటనవేలి గోరు చూడు. కంటికి నిక్కచ్చిగా కనిపించే మేర దాదాపు అంతే, రెండు డిగ్రీలు. తక్కినదంతా మసక. అందుకే కన్ను సెకనుకు సుమారు మూడుసార్లు గెంతుతూ, ఆగుతూ బొమ్మను ఏరుకుంటుంది. నీ అనాటమీ పుస్తకంలో బ్రేకియల్ ప్లెక్సస్, అంటే మెడ నుంచి చేతికి దిగే నరాల అల్లిక, బొమ్మ చూస్తే నీ చూపు మెడ దగ్గరి ఐదు మూలాల మీద ఆగి, అవి కలిసిన మూడు ట్రంకులు (నరాల మొదళ్ళు) దాటి, చేతి నరాల్లోకి దిగుతుంది. ఆ నడకను ఆపితే జ్ఞాపకమే చెడుతుంది. 2005లో హెండర్సన్ అనే పరిశోధకుడి బృందం కొన్ని ముఖాల ఫొటోలను చూపు ఒకేచోట నిలిపి చూడమంది. కళ్ళు తిప్పి చూసిన ముఖాలతో పోలిస్తే వాటిని తర్వాత గుర్తుపట్టడం కష్టమైంది.

ఇక గోడ సంగతి. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో జొహాన్సన్ అనే ఇంటిపేరున్న ఇద్దరు పరిశోధకులు తెర నాలుగు భాగాల్లో వస్తువులు చూపించి, ఆ తర్వాత ఖాళీ తెర ముందు ప్రశ్నలడిగారు. 2014లో వెలువడిన ఫలితం ఇది: వస్తువు ఉండిన వైపే చూపు ఉంటే జ్ఞాపకం మెరుగ్గా పలికింది, వేరే వైపు చూడమంటే తగ్గింది. చూడటానికి అక్కడేమీ లేదు సుమా! అలాగని మార్కులన్నీ గోడే తెచ్చిపెడుతుందనుకోకు, ఆ సాయం చిన్నదే.

పెద్ద సాయం పుస్తకం తెరవకముందే చేసుకోవాలి. రష్యా శాస్త్రవేత్త యార్బస్, ప్రవాసం నుంచి ఇల్లు చేరిన మనిషిని రేపిన్ గీసిన చిత్రాన్ని ఒకే వ్యక్తికి మళ్ళీ మళ్ళీ చూపించాడు. వయసులు చెప్పమంటే చూపు ముఖాల మీద వాలింది. బట్టలు గుర్తుపెట్టుకోమంటే బట్టల వెంట పోయింది. నువ్వేమో ప్రశ్న లేకుండా పేజీని గంటసేపు చూసి, ఏమీ ఎక్కలేదంటావు. "రేడియల్ నరం ఏ కార్డు (నరాల కట్ట) నుంచి పుడుతుంది?" అని ముందు అడుగు, అప్పుడు చూడు. తర్వాత పుస్తకం మూసి, తెల్లకాగితం మీద అవే చోట్లకు చూపు తిప్పుతూ గీయి.

ఆదివారం ఫోన్లో పోస్టీరియర్ కార్డు శాఖలు ఐదూ వరసగా అప్పజెప్పు. నాకు అనాటమీ రాదు కానీ, నువ్విక్కడ వదిలేసిన పాత పుస్తకం మీ అమ్మ పట్టుకుని కూర్చుంటానంటోంది.

మీ నాన్న