వార్షిక నివేదిక 2025: ఒకే ఆట, అయిదు రూపాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం చేసిన పెద్ద పని ఒక్కటే, మిగతావన్నీ దాని చుట్టూ తిరిగాయి. కిందటి వార్షిక సమావేశం ముగిసి అందరూ చెప్పులు వేసుకుంటుంటే, కొత్తగా చేరిన తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, ఫైనల్ ఫాంటసీ 6 కొనాలంటే ఏది కొనాలి?" అది జపాన్‌లో పుట్టిన పాత వీడియో గేమ్, ఏళ్ల తరబడి రకరకాల యంత్రాల మీద మళ్లీ మళ్లీ వచ్చింది. నలుగురం నాలుగు జవాబులు చెప్పాం. మెట్ల మీదే వాదన మొదలైంది. వాచ్‌మన్ వచ్చి లైటు ఆర్పేస్తానని బెదిరించాక గానీ ఎవరూ కదల్లేదు. ఇలా మెట్ల మీద తేలే సంగతి కాదు, కూర్చుని ఆడి చూద్దాం అని కార్యవర్గం నిర్ణయించింది. ఈ నివేదికలో ఎక్కువ భాగం ఆ ముచ్చటే.

ఆదివారం సమావేశాలు

నెలకో ఆదివారం చొప్పున కలిశాం. మే నెల ఎండలకీ, దసరాకీ మానేశాం. అపార్ట్‌మెంట్ హాలులో ఓ పాత ట్యూబు టీవీ, దాని పక్కనే ఎల్‌ఈడీ టీవీ పెట్టి, ఒకే ఘట్టాన్ని రెండు రూపాల్లో ఆడటం మన పద్ధతి. ట్యూబు టీవీని పాత ఇనుప సామాను కొట్లోంచి తెచ్చాం. దాన్ని లిఫ్టులోకి ఎక్కించడానికి పడ్డ పాటు వేరే నివేదిక అవుతుంది.

ఒక్క మాట ఒప్పుకోవాలి. మనలో చాలామంది ఈ ఆటలను అసలు రూపంలో ఎన్నడూ చూడలేదు. 90ల్లో మన ఇళ్లలో ఉన్నవి టీవీ గేమ్ డబ్బాలు, వాటికి పసుపు రంగు క్యాసెట్లు. వాటిలో మారియో, కాంట్రా ఉండేవి. గంటల తరబడి కథ చదువుతూ ఆడే రోల్ ప్లేయింగ్ ఆటలు మనకి తర్వాతెప్పుడో, ఇంటర్నెట్ సెంటర్లో పాత గేమ్ యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్‌తో కంప్యూటర్ మీద పరిచయమయ్యాయి. అంటే "నేనాడిన అసలు వెర్షన్" అని మనం వాదించేది కూడా చాలాసార్లు అసలుకి నకలే. ఇప్పుడు మాత్రం సంఘం తరఫున కొన్న ప్రతులనే వాడుతున్నాం. ఈ నియమం మార్చేది లేదు.

ఫైనల్ ఫాంటసీ 6

జపాన్‌లో ఈ ఆట 1994 ఏప్రిల్‌లో సూపర్ ఫామికామ్ అనే గేమ్ యంత్రం (అమెరికాలో దాని పేరు సూపర్ నింటెండో) మీద వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో అమెరికాలో ఫైనల్ ఫాంటసీ 3 పేరుతో విడుదలైంది. జపాన్ లెక్కలో 2, 3, 5 అప్పటికి అమెరికా చేరలేదు. నాలుగోది అక్కడ రెండోది అయింది, ఆరోది మూడోది అయింది. డాలస్‌లో ఉండే మన సభ్యుడు సంక్రాంతికి వస్తూ ఆ అమెరికా క్యాసెట్ తెచ్చారు. దాన్ని చూడగానే "ఇది ఆరోది కాదు కదా" అన్నవాళ్లు ముగ్గురు. పేర్లు రాయను.

అమెరికా ప్రతికి అనువాదం చేసింది టెడ్ వూల్సీ. క్యాసెట్‌లో చోటు తక్కువ, జపనీస్ లిపిలో నాలుగు అక్షరాల్లో పట్టే మాటకి ఇంగ్లిష్‌లో పదో పన్నెండో కావాలి. అందుకే మంత్రాల పేర్లు ఫైర్, ఫైర్ 2, ఫైర్ 3 అని ముక్కుసూటిగా ఉంటాయి. తర్వాతి ప్రతుల్లో అవే ఫైరా, ఫైరాగా అయ్యాయి. నింటెండో అమెరికా శాఖ నియమాలు దీనికి తోడు. మతం వాసన వస్తుందని హోలీ మంత్రం పెర్ల్ అయింది, మద్యం తాగే పబ్బు కెఫే అయింది, సైరెన్ అనే ఆడ పాత్ర బొమ్మకి ఇంకాస్త బట్ట కప్పారు.

ఇక లోపాల సంగతి. మార్చి సమావేశమంతా దీనికే సరిపోయింది, నాకు అన్నిటికంటే నచ్చిన ఆదివారం కూడా అదే. ఆ మొదటి ప్రతిలో శత్రువు కొట్టే దెబ్బని తప్పించుకునే శక్తి అని తెర మీద ఒక అంకె కనిపిస్తుంది. ఆ అంకె పని చేయదు. కత్తి దెబ్బకైనా, మంత్రానికైనా ఆట చూసేది మంత్రాన్ని తప్పించుకునే అంకెనే. అందువల్ల కళ్లు కనపడకుండా చేసే శాపం కూడా యుద్ధంలో దాదాపు ఉత్తదే, అది తగిలినా గురి తప్పదు. ఈ సంగతి తెలియక ఇన్నేళ్లూ ప్రతి ఊళ్లో కంటి చుక్కల మందు కొని సంచిలో మోసినవాళ్లలో ఈ నివేదిక రాస్తున్నవాడూ ఒకడు.

ఇంకోటి ఉంది. శత్రువు మీద ముందు వానిష్ వేసి, తర్వాత డూమ్ వేస్తే ఎంత పెద్ద బాసైనా దాదాపు ఒక్క దెబ్బకి పోతాడు. మాయమైనవాడికి మంత్రం తగిలి తీరాలి అన్న లెక్క, వీడికి మరణ మంత్రం పనిచేయదు అన్న లెక్క కంటే ముందు నడవడం వల్ల వచ్చిన తిరకాసు ఇది. 2006లో జపాన్‌లో, 2007లో అమెరికాలో గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే చేతి యంత్రానికి వచ్చిన ప్రతిలో రెండు లోపాలూ సరిచేశారు. సరిచేశాక ఆట బాగుపడిందా అన్నది ఓటింగ్‌కి పెడితే, బాగుపడిందన్నవాళ్లే ఎక్కువ. నా ఓటు మాత్రం అటు పడలేదు. ఆ వానిష్, డూమ్ కిటుకు నాకు పక్క సీటు కుర్రాడు చెవిలో చెప్పాడు. దాన్ని సరిదిద్దితే వాడు చెప్పింది అబద్ధమైపోతుంది.

అన్నిటికంటే భయపెట్టేది స్కెచ్ లోపం. రెల్మ్ అనే పాప శత్రువు బొమ్మ గీసే సమయానికి లెక్క తప్పితే, సంచిలో సామానంతా చెత్తగా మారొచ్చు, సేవ్‌లు, అంటే ఎక్కడిదాకా ఆడామో దాచుకున్నవి, కూడా పోవచ్చు. అమెరికాలోనే తర్వాత ముద్రించిన క్యాసెట్లలో దీన్ని దిద్దారు. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. డాలస్ నుంచి వచ్చింది ఏ రకమో తెలుసుకోవడానికి స్కెచ్ వాడి చూద్దామని ఒకాయన అన్నారు. హాలంతా ఒక్కసారి "వద్దు" అని అరిచింది.

ఎందుకంటే అందులో ఎవరివో సేవ్‌లు ఉన్నాయి. మన సభ్యుడు దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. పాత యజమాని ఎవరో, పాత్రలకి తన స్నేహితుల పేర్లు పెట్టుకుని చివరి కోట దాకా వచ్చి ఆపేశాడు. సేవ్‌లను కాపాడేది క్యాసెట్ లోపల ఉండే బిళ్ల బ్యాటరీ, అది ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. మారిస్తే సేవ్‌లు పోతాయి. జూన్‌లో ఆ సేవ్ తెరలన్నీ ఫొటోలు తీసుకుని, తర్వాతే బ్యాటరీ మార్చాం. సోల్డరింగ్ చేసిన సభ్యుడి చెయ్యి వణకలేదు గానీ, చుట్టూ నిలబడ్డ మాకందరికీ టెన్షనే.

1999లో వచ్చిన ప్లేస్టేషన్ ప్రతి గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. మొదట్లో, చివర్లో కంప్యూటర్ బొమ్మల సినిమా ముక్కలు కలిపారు. కానీ ప్రతి యుద్ధానికీ, మెనూ తెరిచినప్పుడల్లా సీడీ తిరగాలి. అది తిరిగేలోపు టీ తాగి రావచ్చని ఒకరన్నారు. అంత కాదు గానీ, రెండు బిస్కెట్లు తినొచ్చు.

గేమ్ బాయ్ అడ్వాన్స్ ప్రతి మీద చర్చ రెండు నెలలు సాగింది. అందులో కొత్త గుహ ఉంది, గిల్గమెష్, లెవియథాన్ లాంటి నాలుగు కొత్త ఎస్పర్లు (యుద్ధంలో పిలిస్తే వచ్చి సాయపడే మాయా జీవులు) ఉన్నాయి, అనువాదం కూడా కొత్తగా చేశారు. పోయింది సంగీతం. సూపర్ నింటెండోలో పాటకోసం విడిగా ఎనిమిది చానళ్ల చిప్ ఉండేది. ఈ చేతి యంత్రంలో అలాంటిది లేదు, ఆట నడిపే ప్రాసెసరే సంగీతాన్నీ కలపాలి. నొబువో ఉయెమత్సు కట్టిన అవే బాణీలు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తాయి. తెర కూడా చిన్నది: మొదటిది 256కి 224 చుక్కలు, ఇది 240కి 160. కింద, పైన దృశ్యం కోతపడింది. రంగులు వెలిసినట్టుంటాయి. మొదటి గేమ్ బాయ్ అడ్వాన్స్ తెరకి వెనక వెలుగు లేదు కాబట్టి ఆ రోజుల్లో ఆటల రంగులు కావాలనే తేటగా పెట్టేవారు. ఎండలో కూర్చుని ఆడితే సరిగ్గా ఉంటుంది. ఒక సభ్యురాలు నిజంగానే టెర్రస్ మీదికి తీసుకెళ్లి ఆడి, "ఇప్పుడు బాగుంది" అని కింద ఉన్నవాళ్లని పిలిచారు.

2014లో ఫోన్లకీ, 2015 చివర్లో కంప్యూటర్‌కీ వచ్చిన ప్రతిలో పాత్రల్ని నున్నగా తిరగగీశారు. నేపథ్యం ఒక తీరు, మనుషులు ఇంకో తీరు. ఫ్లెక్సీ మీద అతికించిన ఫొటోల్లా ఉంటారు. దీన్ని 2021లో అమ్మకం నుంచి తీసేశారు. ఎవరూ బాధపడలేదు.

ఇప్పుడు దుకాణాల్లో దొరికేది 2022 ఫిబ్రవరిలో వచ్చిన పిక్సెల్ రీమాస్టర్. మొదటి బొమ్మలు గీసిన కజుకో షిబుయా పర్యవేక్షణలోనే పాత్రల్ని మళ్లీ గీశారు. ఉయెమత్సు పర్యవేక్షణలో సంగీతాన్ని మళ్లీ వాయించారు. కథలో ఒక పాత్ర నాటకశాల వేదికెక్కి పాడే ఆపెరా ఘట్టం చూడాల్సిందే. 1994లో గొంతు లేక, చిప్ చేసే "ఆ ఆ" లాంటి శబ్దంతో పాడించిన పాటకి ఇప్పుడు ఏడు భాషల్లో నిజమైన గాయకులున్నారు. తెలుగు లేదు, అడగొద్దు. మొదట వచ్చినప్పుడు ఇంగ్లిష్ అక్షరాలు మాత్రం సన్నగా, ప్రభుత్వ ఫారమ్ మీదివాటిలా ఉండేవి. 2023 ఏప్రిల్‌లో స్విచ్, ప్లేస్టేషన్ 4 ప్రతులు వచ్చినప్పుడు పిక్సెల్ అక్షరాలనీ, పాత సంగీతాన్నీ ఎంచుకునే వీలు పెట్టారు. దారిలో శత్రువులు అసలు తగలకుండా ఆపే మీట కూడా ఇచ్చారు. గేమ్ బాయ్ ప్రతిలోని కొత్త గుహ, కొత్త ఎస్పర్లు మాత్రం ఇందులో లేవు. అంటే చివరిగా వచ్చింది కాబట్టి అన్నీ ఉంటాయనుకుని కొనేవాళ్లు జాగ్రత్త.

తమ్ముడి ప్రశ్నకి జవాబు: మొదటిసారి ఆడేవాళ్లు పిక్సెల్ రీమాస్టర్ కొనండి, సంగీతాన్ని మాత్రం పాతదానికి మార్చుకుని కనీసం ఆపెరా దాకా వినండి. ఇది కార్యవర్గ తీర్మానం. ఒకరు అసమ్మతి తెలిపారు, అది టెర్రస్ ఎక్కినావిడ.

కప్పగారి గ్రాంథికం

ఆగస్టులో క్రోనో ట్రిగర్ పెట్టుకున్నాం. 1995 నాటి ఆట. అందులో కప్ప రూపంలో ఉండే వీరుడు ఉంటాడు. అమెరికా ప్రతిలో ఆయన పాతకాలపు ఇంగ్లిష్‌లో, మన పౌరాణిక నాటకాల్లో "ఏమంటివి" అన్నట్టు మాట్లాడతాడు. జపనీస్‌లో అలా ఏమీ లేదు, మామూలు మోటు మాటే. అదీ వూల్సీ చేతి చలవే. 2008లో నింటెండో డీఎస్ అనే చేతి యంత్రం ప్రతికి కొత్త అనువాదం చేసినప్పుడు కప్పగారి గ్రాంథికం తీసేశారు. మూలానికి ఇదే దగ్గర. అయినా హాల్లో సగం మంది "మా కప్ప మాకు కావాలి" అన్నారు. వాడుక భాష కోసం ఇంత పోరాడిన జాతి గ్రాంథికం కోసం చేతులెత్తడం నేను చూస్తాననుకోలేదు.

ఈ ఆట 2018 ఫిబ్రవరిలో స్టీమ్ అనే ఆన్‌లైన్ కంప్యూటర్ ఆటల దుకాణంలో వచ్చినప్పుడు ఫోన్ ఆటనే తెచ్చి కంప్యూటర్‌లో పడేసినట్టుందని జనం తిట్టారు. వేలితో నొక్కాల్సిన పెద్ద పెద్ద బటన్లు, మసక బొమ్మలు. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా వరసగా అప్‌డేట్లు ఇచ్చి, పాత బొమ్మల్ని ఎంచుకునే వీలు పెట్టి దారికి తెచ్చారు. కాబట్టి "స్టీమ్ వెర్షన్ చెత్త" అని ఎవరైనా అంటే, ఏ నెలలో ఆడారో అడగండి.

పోయిన ఫైళ్లు

అక్టోబర్ నుంచి చర్చ ఇంకో దారి పట్టింది. సెప్టెంబర్ 30న ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ కొత్త ప్రతి వచ్చింది. 1997 నాటి ఆట మూల కోడ్ భద్రపరచలేదట. ఉన్న ప్రతుల్ని చూసి చూసి మళ్లీ కట్టుకొచ్చారు. 2007లో పీఎస్‌పీ అనే సోనీ చేతి యంత్రానికి వచ్చిన ప్రతిలో కలిపిన పాత్రలు, వృత్తులు ఇందులో లేవు. పీఎస్‌పీ ప్రతికి మంత్రం వేసినప్పుడల్లా ఆట నత్తనడక నడిచే జబ్బుండేది, అదీ లేదు.

బాల్డర్స్ గేట్ అనే రోల్ ప్లేయింగ్ ఆటదీ అదే కథ. 1998 నాటి ఆటని 2012లో మెరుగుపరిచి తెచ్చినప్పుడు, నేపథ్య చిత్రాలు గీయడానికి వాడిన మూల ఫైళ్లు దొరకలేదు. అందుకే కొత్త పాత్రలు వచ్చాయి గానీ ఊళ్లు, అడవులు పాత చుక్కలతోనే ఉన్నాయి. ఐస్‌విండ్ డేల్ 2 అనే ఇంకో ఆటకి మూల కోడే దొరక్క, అలాంటి ప్రతి అసలు రానేలేదు. తీర్మానాలు, మినిట్స్ పుస్తకాలు అలమారాలో దాచే కార్యదర్శిగా నాకిది చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మన 2019 మినిట్స్ పుస్తకం కూడా కనిపించడం లేదు. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.

దీనికి పూర్తి విరుద్ధం ఆబ్లివియన్ అనే ఆట. ఏప్రిల్ 22న వచ్చిన రీమాస్టర్‌లో పైన కొత్త ఇంజిన్ బొమ్మలు, కింద 2006 నాటి ఆటే. ఎంత పాతదంటే, ఒక పాత్ర మాట్లాడుతూ తడబడి, ఆగండి మళ్లీ చెబుతానని అదే వాక్యం తిరిగి చెప్పే రికార్డింగ్ అప్పట్లో పొరపాటున ఆటలో ఉండిపోయింది. అది ఇందులోనూ ఉంది. హాల్లో అది వినిపించగానే చప్పట్లు కొట్టారు.

సామాను, లెక్కలు

ఆటల జాబితా పుస్తకంలో ఇకనుంచి పేరు ఒక్కటే రాయం. ఏ యంత్రం, ఏ దేశపు ప్రతి, ఏ ఏడాది, డౌన్‌లోడ్ అయితే ఏ అప్‌డేట్ దాకా అన్నవి కూడా రాస్తున్నాం. పాత ఎంట్రీలు దిద్దే పని సగమైంది. వానాకాలంలో హాలు గోడ చెమ్మగిల్లి రెండు మాన్యువళ్లు తడిశాయి, ఆరబెట్టాం, చదవొచ్చు. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంపుతున్నారు. చందా బాకీ ఉన్నవాళ్లు అది చూసుకుని సంక్రాంతిలోపు కట్టాలి.

వచ్చే ఏడాది మొదటి సమావేశంలో డ్రాగన్ క్వెస్ట్ 3 పెడుతున్నాం: 1988 నాటిదీ, 2024 నవంబర్‌లో వచ్చిన హెచ్‌డీ-2డీ (పాత తీరు చుక్కల పాత్రలు, కొత్త 3డీ నేపథ్యం) ప్రతీ పక్కపక్కన. జపనీస్ చదవగలిగిన సభ్యులెవరైనా ముందుగా చెబితే మేలు.

చివరగా, ఫైనల్ ఫాంటసీ 6 గేమ్ బాయ్ క్యాసెట్ సెప్టెంబర్ నుంచి లైబ్రరీలో లేదు. తీసుకెళ్లినవారు తిరిగివ్వాలి. సేవ్ క్యాసెట్‌లోనే ఉంటుంది కాబట్టి, ఆట మధ్యలో ఉన్నామంటే ఇంకో నెల గడువు ఇవ్వడానికి కార్యవర్గం ఒప్పుకుంది.

ఇట్లు,
కార్యదర్శి