సగంలో ఉన్న తివాచీకీ ప్రదర్శనలో చోటు కావాలి

సంపాదకులకు,

అయ్యా,

పాత బట్టలతో ఇంట్లోనే చేసుకోదగిన వస్తువుల గురించి ఈమధ్య మీ మహిళా పేజీలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. గోనెగుడ్డ మీద కొక్కెంతో పేలికలు లాగి చేసే డోర్‌మ్యాట్‌ను అందులో ఒక్క పూటలో పూర్తయ్యే పనిగా పరిచయం చేశారు. చిన్నవాటి విషయంలో ఆ మాట నిజమే. అయితే అదే పద్ధతిలో గదికి పరిచేంత తివాచీ తలపెట్టిన వాళ్ల సమస్య వేరు. పని రోజూ సాగుతూనే ఉంటుంది గానీ సాగినట్టు ఎవరికీ కనిపించదు, కనిపించని పనిని లెక్కలోకి తీసుకునే ఏర్పాటు ఎక్కడా లేదు. ఆ విషయం మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

పర్లాకిమిడిలో మా వీధి ఆడవాళ్లం కొందరం కలిసి ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు ఉన్న తివాచీ చేస్తున్నాం. నడుమ మహేంద్రగిరి, దాని కింద మహేంద్రతనయ నది వంపులు, చుట్టూ చీర అంచును పోలిన పట్టీ. ఈ పనిలో మగ్గం ఉండదు, ముడి ఉండదు. చట్రానికి బిగించిన గుడ్డ అడుగున ఎడమచేత్తో పేలికను పట్టుకుని, కుడిచేతి కొక్కేన్ని పైనుంచి పోగుల సందులోకి దింపి, పేలికను లూపుగా పైకి లాగుతాం. పక్కపక్కన చేరిన లూపులు ఒకదాన్నొకటి ఒత్తుకోవడం వల్లనే నిలబడతాయి. ప్రతి సందునూ నింపితే తివాచీ ఉబ్బి నేలకు అంటదు గనక నడుమ ఒకటి రెండు పోగులు వదలాలి. వరుస నచ్చకపోతే పేలిక కొస పట్టుకుని లాగితే చాలు, గుడ్డకు ఏ నష్టమూ లేకుండా ఊడివస్తుంది. అందుకే ఇది ఎవరైనా నేర్చుకోగల పని.

కష్టమంతా విస్తీర్ణంలో ఉంది. మా గజపతి జిల్లాలోనే చంద్రగిరి ప్రాంతంలో 1963 నుంచి స్థిరపడిన టిబెటన్ల ఉన్ని తివాచీలు గానీ, పేరుపడ్డ ఏలూరు తివాచీలు గానీ మగ్గం మీద కిందినుంచి పైకి వరుస వెంట వరుసగా పెరుగుతాయి కాబట్టి, ఆ రోజు ఎంత నేశారో చూసినవాళ్లెవరైనా చెప్పగలరు. మాకు ఆ వీలు లేదు. ముందు బొమ్మల గీతలు, తర్వాత వాటి లోపలి భాగం, ఆ తర్వాతే నేపథ్యపు రంగు. పెద్ద తివాచీలో నడుమనుంచి అంచులవైపు జరుగుతూ రాకపోతే గుడ్డ ఒకవైపు లాగుకుపోతుంది. అందువల్ల సగం పని అయ్యాక కూడా అది చూసేవాళ్లకు అక్కడొకటి ఇక్కడొకటి వేసిన మచ్చల్లాగే ఉంటుంది. పైగా కంటికి ఇంపైన కొండా నదీ త్వరగా నిండుతాయి, ఎవరూ ఆగి చూడని ఒకే రంగు నేపథ్యమే కాలమంతా తీసుకుంటుంది. చాలామంది పెద్ద తివాచీని వదిలేసేది ఆ దశలోనే.

దీనికి మేము పాటిస్తున్న ఉపాయం ఇతరులకూ పనికిరావచ్చు. గుడ్డ నాలుగు అంచులకూ అడుగు అడుగుకూ ఎర్రదారంతో గుర్తులు కుట్టాం. ఎదురెదురు గుర్తుల మధ్య దారం బిగిస్తే తివాచీ 54 గళ్లుగా విడిపోతుంది. అవే గళ్లు ఒక అట్ట మీద గీసి గోడకు తగిలించి, నిండిన గడికి పెన్సిలుతో రంగు వేస్తున్నాం. ఒక గడికి ముందు పేలికలను తూచి, గడి నిండాక మిగిలినవాటిని మళ్లీ తూస్తే ఎంత గుడ్డ పట్టిందో తేలుతుంది. ఉన్ని గుడ్డ వాడే దేశాలలో నింపవలసిన విస్తీర్ణానికి నాలుగింతలు గుడ్డ సిద్ధం చేసుకోవాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఆ ప్రకారం మాకు 216 చదరపు అడుగులు కావాలి. పలుచని నూలు చీరను వెడల్పుగా చింపి మడిచి లాగాలి గనక నిజానికి అంతకంటే చాలా ఎక్కువే పడుతోంది. నేపథ్యానికి కావలసిన పేలికలన్నీ ముందే చింపి, వేర్వేరు చీరలవి కలగలిపి పెట్టుకోవడం తప్పనిసరి. లేకపోతే ఒక చీర అయిపోయి మరొకటి మొదలైన చోట రంగు తేడా గీత గీసినట్టు తెలిసిపోతుంది.

వ్యాసంలో చెప్పని మరో మాట. జనపనార గోనె డోర్‌మ్యాట్‌కు సరిపోతుంది గానీ, ఏళ్ల తరబడి ఉండవలసిన తివాచీకి తగదు. అది కాలం గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది, చెమ్మ తగిలితే కుళ్లుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తాకిడికి ఇళ్లలోని గుడ్డలన్నీ నానిపోవడం చూసిన జిల్లా మాది. మందపు నూలుతో వదులుగా నేసిన గుడ్డే మేలు. పని ఆపినప్పుడు దాన్ని మడతపెట్టకుండా, లూపులు బయటికి వచ్చేలా కర్రకు చుట్టి ఉంచాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒక చేతిపనుల ప్రదర్శన నిర్వాహకులను మేము చోటు అడిగితే, పూర్తయిన వస్తువులే తీసుకుంటామనీ, ఎన్ని ముక్కలు తెస్తారో చెప్పమనీ అన్నారు. ముక్కల లెక్కే కొలత అయితే 54 చదరపు అడుగుల తివాచీ కంటే ఓ డజను డోర్‌మ్యాట్లు గొప్పవి అవుతాయి. చేయి తిరిగిన వాళ్లు కూడా పెద్ద పని మానుకుని చిన్నవాటికే పరిమితమవుతున్నది ఇందుకే. చేతిలో డబ్బు లేని కుటుంబం నెలల తరబడి ఫలితం లేని పని ఎలా పెట్టుకోగలదు?

కెనడా తూర్పు తీరంలో న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్ మత్స్యకార కుటుంబాల స్త్రీలు ఇదే పద్ధతిలో చాపలు చేసేవారు. 1892లో అక్కడికి వైద్యసేవకు వెళ్లిన విల్‌ఫ్రెడ్ గ్రెన్‌ఫెల్ స్థాపించిన మిషన్ వారికి బొమ్మ అచ్చువేసిన గుడ్డనూ, కావలసిన సామగ్రినీ ఇంటికే ఇచ్చి, పని తిరిగి తెచ్చాక ప్రతిఫలం ఇచ్చేది. దాతల నుంచి పాత సిల్కు మేజోళ్లు సేకరించి మరీ పేలికలకు పంపేది. సామగ్రి భారం చేసేవాళ్ల మీద పడలేదు. ‘మిషన్ శక్తి’ అనే ప్రభుత్వ కార్యక్రమం కింద మహిళా స్వయం సహాయక సంఘాలు ఊరూరా ఉన్న ఒడిశాలో ఆ మాత్రం ఏర్పాటు అసాధ్యం కాదని నా నమ్మకం.

ప్రదర్శనల నిర్వాహకులకు నా విన్నపం ఇది. చట్రం మీద ఉన్న పెద్ద పనికి ఒక మూల కేటాయించి, చేసేవాళ్లను అక్కడే కూర్చుని పని చేయనివ్వండి. కొనదలచినవారు నిండిన చదరపు అడుగుల లెక్కన బయానా ఇచ్చే వీలు కల్పించండి. తివాచీని వెనక్కి తిప్పి చూస్తే వరుసలు స్పష్టంగా కనిపిస్తాయి, టేపు పెట్టి కొలవవచ్చు, మోసానికి తావులేదు. మీ మహిళా పేజీ వారు కూడా ఈసారి ఇలాంటి పని గురించి రాసేటప్పుడు పూర్తయిన వస్తువుతో పాటు, సగం నిండిన తివాచీ ఫొటోను, వీలైతే వెనుకవైపు నుంచి కూడా తీసి, ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా