293 కాదు, 290: ‘మెలే’ ట్రోఫీల అసలు లెక్క

సంపాదకులకు,

గేమ్‌క్యూబ్ అనే నింటెండో యంత్రంలో ఆడే కొట్లాట వీడియో గేమ్ ‘సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలే’లో 293 ట్రోఫీలు, అంటే ఆడి సేకరించే బొమ్మలు, ఉన్నాయని, ఓపికుంటే అన్నీ దక్కుతాయని మీ పిల్లల పేజీలో రాశారు. మొదటి మాట నిజమే. రెండోది విశాఖలో ఈ ఆట ఆడే చాలామందికి వర్తించదు. ఇక్కడి ఇళ్లలో కనిపించే గేమ్‌క్యూబ్‌లు ఎక్కువగా అమెరికా నుంచి బంధువులు తెచ్చినవి. 2001 డిసెంబరులో అక్కడ విడుదలైన డిస్కులో మామూలుగా ఆడి సంపాదించగలిగేవి 290 మాత్రమే. టమాగాన్ బొమ్మను ఆ డిస్కు బయటికి రానివ్వదు, ఎందుకంటే ఆ పాత్ర పుట్టిన ‘డెవిల్ వరల్డ్’ అప్పటికి అమెరికాలో విడుదల కాలేదు. మారియో–యోషి బొమ్మ, శిరస్త్రాణం లేని సామస్ బొమ్మ జపాన్‌లో ప్రత్యేకంగా పంచినవి. 290 దగ్గర ఆగిపోయిందని సేవ్ చెరిపేసి మళ్లీ మొదలుపెట్టే పిల్లలకు ఈ సంగతి ముందే తెలియాలి.

అంతకంటే ముందు తెలియాల్సింది కరెంటు సంగతి. అమెరికా అడాప్టర్ 120 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. పిన్ను మార్చే చిన్న కన్వర్టర్ వోల్టేజీ తగ్గించదు. వోల్టేజీని తగ్గించే 100 వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఈ యంత్రానికి బోలెడు. లేదా గేమ్‌క్యూబ్ కోసమే చేసిన, 12 వోల్టులు, 3.25 ఆంపియర్లు ఇచ్చే 230 వోల్టుల అడాప్టర్ తీసుకోవాలి. ఆట సేవ్ కోసం మెమరీ కార్డులో 11 బ్లాకులు ఖాళీగా ఉండాలి. పేరులేని నకిలీ కార్డులు సేవ్‌ను తినేస్తాయి, వాటిని నమ్మొద్దు. అదే కార్డులో ‘పిక్‌మిన్’ అనే మరో గేమ్ సేవ్ కూడా ఉంటే కెప్టెన్ ఒలిమార్ బొమ్మ వస్తుంది కాబట్టి దానికీ చోటు ఉంచాలి.

ఇక వరుస. ముందు దాగి ఉన్న 11 పాత్రలను తేవాలి. అందరూ వస్తే తప్ప అన్ని పాత్రలతో వరుసగా పోరాడే ఆల్‌స్టార్ విధానం తెరుచుకోదు, ఆల్‌స్టార్ లేకుండా మూడో వంతు పాత్రల బొమ్మలు రావు. చాలామంది 1,000 వీఎస్ (ఒకరితో ఒకరు తలపడే) మ్యాచ్‌లు ఆడితే అన్నీ వాటంతటవే వస్తాయని కూర్చుంటారు. వస్తాయి, కానీ అది గానుగెద్దు తిరుగుడు. 14 మంది మొదటి పాత్రలతో వీఎస్‌లో తలా ఒక్క మ్యాచ్ ఆడితే మార్త్ వస్తాడు, అతన్ని ఓడించాలి. వంద మందిని పడగొట్టే పోటీ పూర్తి చేస్తే ఫాల్కో. ఈవెంట్ అనే ప్రత్యేక సవాళ్లలో 29తో గానన్‌డార్ఫ్, 37తో పిచూ. మిస్టర్ గేమ్ అండ్ వాచ్ కోసం మాత్రం క్లాసిక్ అనే ఒంటరి ఆట విధానాన్ని 24 సార్లు ఆడకండి. మిగతా 24 మందితో టార్గెట్ టెస్ట్‌లో పదేసి లక్ష్యాలు పగలగొట్టినా చాలు, మనిషికి నిమిషం పని. సవాలు చేసే పాత్ర చేతిలో ఓడినా కంగారు వద్దు, మళ్లీ వస్తుంది.

మ్యూటూ అనే పాత్ర దగ్గరే మన ఊరి ఇబ్బంది, కరెంటు కోత, ఎదురవుతుంది. అతను రావాలంటే వీఎస్‌లో మనుషులు ఆడిన సమయం కలిపి 20 గంటలు, లేదా 700 మ్యాచ్‌లు. నాలుగు కంట్రోలర్లు పెట్టి వదిలేస్తే 5 గంటల్లో 20 గంటలు పడతాయి. కంప్యూటర్ ఆడే పాత్రలు లెక్కలోకి రావు. మ్యాచ్ పూర్తిగా ముగిస్తేనే సమయం నమోదవుతుంది కాబట్టి మధ్యలో కరెంటు పోతే అంతా గోవిందా. అందుకే 60 నిమిషాల మ్యాచ్‌లు ఐదు పెట్టాలి. కదలని టెంపుల్ లాంటి వేదిక ఎంచుకోవాలి, పైకి జరిగే మంచుకొండ వేదిక కాదు. చివర స్కోరు సమానమైతే సడన్ డెత్ అనే తేల్చే పోరు వస్తుంది. అందులో బాంబులు వాటంతటవే పడి తేల్చేస్తాయి, ఈలోగా యంత్రం ఆపేయొద్దు.

పాత్రల బొమ్మలు ఒక్కొక్కరికి మూడు: క్లాసిక్, అడ్వెంచర్, ఆల్‌స్టార్ విధానాలు ముగిస్తే ఒక్కోటి. ఒకే పాత్రకు రెండు రూపాలైన జెల్డా, షీక్‌లకు విడివిడిగా లెక్క కాబట్టి మొత్తం 78. షీక్ బొమ్మ కావాలంటే చివరి పోరు షీక్‌గానే ముగించాలి. బొమ్మకు కఠినత్వంతో సంబంధం లేదు, వెరీ ఈజీలో ఆడినా అదే బొమ్మ. ఆల్‌స్టార్‌లో దెబ్బలు ఒక పోరు నుంచి ఇంకోదానికి మోసుకుపోతాయి, గాయం మాన్పే గుండెలు మూడే ఉంటాయి. వాటిని తొలి పోరాటాల్లో ఖర్చు చేసేవాళ్లే చివర్లో పడతారు.

ఆటలో సంపాదించిన నాణేలు వేసి బొమ్మలు తీసే లాటరీలో మొదట్లో ఒక్కో నాణేనికే కొత్త బొమ్మ వస్తుంది. రెండొందలు దాటాక పాతవే తిరిగి తిరిగి వస్తాయి. అప్పుడు ఒకేసారి 20 నాణేలు వేయాలి. కొత్తది దక్కే అవకాశం ఆ సంఖ్య దాకానే పెరుగుతుంది, అంతకు మించి వేసేది దండగ. లాటరీలో రాని డిస్కున్ బొమ్మ అన్నిటికన్నా మొండిది: ఆటలోని బోనస్‌లన్నీ ఒక్కసారైనా నమోదు కావాలి. రికార్డుల పట్టికలో ఖాళీగా ఉన్నవి చూసి కాగితం మీద రాసుకుంటే సగం శ్రమ తప్పుతుంది.

క్రూయెల్ మెలే అనే అతి కష్టమైన పోటీలో 20 మందిని పడగొడితే సోనిక్ అనే పాత్ర వస్తాడన్నది 2002 ఏప్రిల్‌లో ఒక అమెరికన్ గేమ్ పత్రిక వేసిన ఏప్రిల్ ఫూల్. అతను వచ్చింది 2008 నాటి తర్వాతి ఆటలో. ఈ పుకారు ఇప్పటికీ నడుస్తోంది. మీ పేజీలో దానికి చోటివ్వకండి.

సముద్రపు ఉప్పుగాలికి కంట్రోలర్ కాంటాక్టులు తుప్పు పడతాయి. సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లో దాచండి. పాత్ర దానంతటదే నడుస్తుంటే స్టిక్‌ను ముట్టుకోకుండా ఎక్స్, వై, స్టార్ట్ మూడూ కలిపి మూడు సెకన్లు నొక్కితే చాలాసార్లు సరిపోతుంది.

290 అన్న సవరణ వేసేటప్పుడు, స్థలం తక్కువైనా అడాప్టర్ హెచ్చరికను మాత్రం పక్కనే వేయగలరు.

— పాత గేమ్‌ల ఆటగాళ్లు కొందరు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం